ఒంటిగంట మార్పు

హాలు మధ్యలో ప్లైవుడ్ గోడ ఉంది. వీధి తలుపు దగ్గర మొదలై వెనక గది దాకా పోతుంది. ఒక్కచోట మాత్రం తెగుతుంది. అక్కడ ఒక బల్ల, బల్ల మీద కంప్యూటరు, బల్ల వెనక కుర్చీ. కుర్చీకి రెండు కాళ్ళు గోడకి ఇటు, రెండు కాళ్ళు అటు.

ఆ కుర్చీలో కూర్చునే ఆమె గోడకి రెండు పక్కలా ఉన్న యజమానులకి మేనత్త. పనివాళ్ళు ఎదురుగా అమ్మగారూ అంటారు, వెనకాల గొళ్ళెం అంటారు. ఆ పేరు ఆమె చెవిన పడి చాలాకాలమైంది. కోపం రాలేదు. వీళ్ళు తనని చీపురు అననందుకు సంతోషించింది.

అక్కడ కట్టుడు పళ్ళు చేస్తారు. దంత వైద్యులు రోగి నోటిని స్కాన్ చేసి పంపిస్తారు. దాన్నిబట్టి ఇక్కడ ఒక పన్నో, నాలుగు పళ్ళో, మొత్తం పలువరసో తయారవుతుంది. ఆమె అన్నగారు పెట్టిన ల్యాబు అది. ఆయన ఉన్నప్పుడు ఒకే హాలు. ఆయన పోయాక కొడుకులిద్దరూ పంచుకున్నారు. పళ్ళు కాల్చే ఫర్నేసులు రెండు, చెరొకటి. బల్లలు నాలుగు, చెరి రెండు. సీలింగు ఫ్యాను ఒక్కటే ఉండేది. గోడ సరిగ్గా దాని కిందనుంచి పోయింది. గాలి ఎవరికి ఎక్కువ వస్తోందని వారంపాటు గొడవపడి, చివరికి విప్పి పాత ఇనుము వాడికి ఇచ్చేశారు. ఇప్పుడు రెండు వైపులా ఉక్కపోతే.

పంచుకోలేకపోయింది ఒకటే. వైద్యులు స్కాన్లు పెట్టే వెబ్‌సైటు ఈ ఒక్క కంప్యూటరుకే తలుపు తీస్తుంది. పక్కనే ఉన్న మరో కంప్యూటరు వెళ్ళి తట్టినా తియ్యదు. అందుకని మిగతా మిషన్లన్నీ దీన్ని అడగాలి. ఇది వెళ్ళి, తెచ్చి ఇవ్వాలి. ఈ పని చేసే ప్రోగ్రామునే ప్రాక్సీ అంటారు. ఒక్కటి పెట్టుకుంటే ఇద్దరికీ సరిపోయేది. కానీ తమ్ముడు వాడే దాంట్లోంచి నా ఫైళ్ళు పోవడానికి వీల్లేదని పెద్దవాడు, ఆయన వేలు పెట్టింది నాకొద్దని చిన్నవాడు. అందుకని రెండు ప్రాక్సీలు పెట్టించారు. ఒకదాని పేరు పెద్ద, ఇంకోదాని పేరు చిన్న.

పెట్టి వెళ్ళిన మనిషి ఒక మాట చెప్పి వెళ్ళాడు. "ఒకేసారి రెండూ నడవవు."

ఆ మాట ఆమె కంఠతా పట్టింది. ఎవరడిగినా అదే చెప్పింది. దాంతో వంతులు వచ్చాయి. పొద్దున పెద్దవాడిది, మధ్యాహ్నం నుంచి చిన్నవాడిది. పొద్దున వచ్చిన స్కాన్లు పెద్దవాడు తీసుకుంటాడు, తరవాత వచ్చినవి చిన్నవాడు. వైద్యుల లెక్కలో ఇది ఇంకా ఒకే ల్యాబు. ముందు నొక్కినవాడిదే పని. ఒంటిగంటకి ఆమె పెద్దని ఆపి చిన్నని లేపుతుంది. ఆ మార్పు వాళ్ళలో ఎవరి చేతికీ ఇవ్వడానికి లేదు. ఇస్తే ఒకడికి ఒంటిగంట ఎప్పటికీ కాదు, ఇంకొకడికి పొద్దున్నే అయిపోతుంది.

పంపకాల రోజున పెద్దమనుషులు ఇంకో మాట కూడా అన్నారు. ఈ కంప్యూటరు పెట్టె ఎవరు చూసుకుంటే వెనక గది వాళ్ళది. అన్నదమ్ములు వెంటనే ఒప్పుకున్నారు. మేనత్త మీద ప్రేమ కాదు. గది ఎదటివాడికి పోకూడదు, అంతే.

గదిలో ఒక మంచం, ఒక కిటికీ, గోడలో అల్మారా. ఆమెకి అది తప్ప వేరే చోటు లేదు.

అంతకు ముందు ఆమె పాలిష్ చేసేది. అన్నగారి ల్యాబులో పళ్ళకి మెరుపు పెట్టే చక్రం దగ్గర యౌవనమంతా గడిచింది. అచ్చుల ప్లాస్టరు దుమ్ము జుట్టులో, కనురెప్పల మీద, అన్నంలో. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోయింది. డాక్టరు చక్రం దగ్గర కూర్చోవద్దన్నాడు. అన్నగారు తీసుకెళ్ళి కంప్యూటరు ముందు కూర్చోబెట్టాడు. అన్నగారి మీద కూడా ఆమెకి కృతజ్ఞత లేదు. దుమ్ము సంగతి ఆయనకి ముందే తెలుసు.

ఆమె మనుషుల్ని మొహం చూసి కాదు, నోరు చూసి గుర్తుపట్టేది. ఎవరైనా నవ్వితే ఏ పన్ను కట్టుడుదో చూసేది. పెళ్ళి సంబంధం మాట్లాడ్డానికి వచ్చినవాడు నవ్వినప్పుడు కూడా అదే చూసింది. వాడు మళ్ళీ రాలేదు. ఆమె పిలవలేదు. బల్ల మీద ఆమె గ్లాసు ఎప్పుడూ బోర్లించి ఉంటుంది. అడగకుండా ఎవరూ టీ పొయ్యకూడదని.

ఆ సోమవారం ఒంటిగంటకి ఆమె ఎప్పటిలాగే చేసింది. నడుస్తున్న ప్రోగ్రాములన్నీ కనిపించే పట్టీ తెరిచింది. పెద్ద మీద నొక్కి ఆపింది. చిన్నని మొదలుపెట్టమంది.

చిన్న లేవలేదు. తెర మీద ఒక వాక్యం వచ్చింది. ఆ పోర్టు ఇప్పటికే వాడుకలో ఉంది.

పోర్టు అంటే ప్రాక్సీ కూర్చునే చోటు. దానికో నంబరు ఉంటుంది. అది ఖాళీగా లేదని ఆ వాక్యం అర్థం. ఆమె ఇంకోసారి నొక్కింది. అదే వాక్యం.

గోడ తెగినచోట చిన్నవాడు వచ్చి నిలబడ్డాడు. చేతికి మైనం అంటుకుని ఉంది.

"అత్తా, ఒంటిగంట దాటింది."

"నాకూ గడియారం ఉంది."

"గడియారం ఉంటే చాలదు. లేపాలి."

"లేపుతున్నా."

"లేపుతుంటే ఏదీ? మా స్క్రీన్ల మీద అనుమతి లేదని వస్తోంది. నాకు అనుమతి లేదనడానికి వాడెవడు?"

వాడెవడంటే పెద్ద అనే ప్రాక్సీ. చిన్నవాడికి ప్రోగ్రాముకీ అన్నకీ తేడా లేదు. పెద్ద తన వైపు మిషన్లకి తప్ప ఎవరికీ జవాబివ్వదు. అలా పెట్టమన్నది పెద్దవాడు. తన దానికి కూడా అలాగే పెట్టమన్నది చిన్నవాడు.

ఆమె పట్టీ చూసింది. పెద్ద పేరు అక్కడే ఉంది. ఇందాకే ఆపింది కదా. మళ్ళీ ఆపింది. పేరు పోయింది. ఊపిరి తీసుకునేలోగా తిరిగి వచ్చింది. ఇంకోసారి ఆపింది. ఇంకోసారి వచ్చింది.

"చంపినా లేస్తోంది," అంది.

గోడ అవతల పెద్దవాడు నవ్వాడు. పెద్దగా నవ్వలేదు. వినబడేంత నవ్వాడు.

చిన్నవాడు గోడవైపు చూసి మాట్లాడాడు. కానీ అత్తకి చెప్తున్నట్టే చెప్పాడు. "చూశావా? ఆయన పనే ఇది. నా వంతు తినడానికి ఏదో చేయించాడు."

"నేను పళ్ళు చేసుకుంటున్నాను అత్తా," గోడ అంది. "పెట్టె జోలికి నేను రాలేదని చెప్పు. వచ్చానని నిరూపిస్తే నా పళ్ళు నేనే పీక్కుంటానని చెప్పు."

"పీకక్కర్లేదని చెప్పు. అవి నాన్న చేసినవి. ఎప్పుడో ఊడతాయి."

"నాన్న చేతిపని వాడికి రాలేదని చెప్పు."

ఆమె ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఇద్దరికీ వినబడుతూనే ఉంది.

ఏం జరిగిందో వెతకడానికి ముందు ఎవరు చేశారో వెతికింది. అది ఆమె పద్ధతి. ముందు పెద్దవాడిని అనుమానించింది. వంగి, కంప్యూటరు వెనక తీగలు ఒక్కొక్కటీ పట్టుకుని ఎక్కడికి పోతోందో చూసింది. కొత్త తీగ లేదు. తరవాత చిన్నవాడిని అనుమానించింది. తనని పంపెయ్యడానికి వీడే ఏదో చేసి, ఇప్పుడొచ్చి అరుస్తున్నాడేమో. చిన్నవాడికి పళ్ళు చెక్కే కొత్త మిల్లింగు మిషను పెట్టుకోవడానికి వెనక గది కావాలి. ఆ మాట వాడి నోటి నుంచి ఎన్నిసార్లు వచ్చిందో. కానీ వాడికి పాస్‌వర్డు తెలీదు. ఎవరికీ తెలీదు. తరవాత పెద్దకోడలు మీదకి పోయింది అనుమానం. ఆవిడ శుక్రవారం ఈ బల్ల దగ్గర నిలబడి నెయిల్ కట్టర్ ఉందా పిన్నిగారూ అని అడిగింది. ఎప్పుడూ ఏమీ అడగని మనిషి నెయిల్ కట్టర్ ఎందుకు అడిగింది?

"ఏమ్మాయ్," అని గోడ అవతలికి పిలిచింది. "శుక్రవారం ఈ పెట్టె ముట్టుకున్నావా?"

పెద్దకోడలు వచ్చింది. చీరకి అచ్చుల తెల్లదుమ్ము.

"నేనెందుకు ముట్టుకుంటాను పిన్నిగారూ? అది ముట్టుకుంటే చేతులు కడుక్కోవాలి."

"నెయిల్ కట్టర్ ఎందుకు అడిగావ్?"

"గోళ్ళు తీసుకోవడానికి. మీ ఇంట్లో దాంతో పళ్ళు కూడా తీస్తారా?"

అని వెళ్ళిపోయింది.

గొళ్ళెం కంప్యూటరుని మొత్తం ఆపి మళ్ళీ వేసింది. అది లేచేదాకా చిన్నవాడు గోడకి ఆనుకుని కాలు ఊపుతూ ఉన్నాడు. ప్లైవుడ్డు ఊగింది. అవతల ఏదో కింద పడింది. పెద్దవాడు తిట్టాడు. కంప్యూటరు లేచింది. లేవగానే పెద్ద కూడా లేచింది. పొద్దున వంతు దానిది కాబట్టి అది మిషనుతోపాటే లేస్తుంది. ఆమె ఆపింది. లేచింది.

"నీవల్ల కాదు అత్తా," అన్నాడు చిన్నవాడు. గొంతు తగ్గించాడు. తగ్గించినప్పుడే వాడు ఎక్కువ ప్రమాదం. "అవతల ఒకావిడకి రేపు పొద్దున నాలుగు ముందు పళ్ళు కావాలి. స్కాను ఆ సైటులో కూర్చుని ఉంది. నేను ఇక్కడ నిలబడి ఉన్నాను. మెకానిక్కుని తెస్తాను. వాడు బాగుచేస్తే ఇక నెల నెలా వాడే చూసుకుంటాడు. పెట్టె చూసుకునేవాడు మారితే గది సంగతి కూడా మారుతుంది. మాట గుర్తుందిగా?"

"ఆ గది మెకానిక్కుకి ఇస్తావా?"

"వాడికి ఇల్లుంది. గది నాకిస్తాడు."

గోడ వెంటనే మాట్లాడింది. "గది వాడికెలా పోతుంది? సగం నాది."

"ముందు ఖాళీ కానీ," అన్నాడు చిన్నవాడు గోడతో. గోడతో నేరుగా మాట్లాడాడని గ్రహించి, నాలుక కరుచుకుని, బయటికి వెళ్ళిపోయాడు. వీధిలో మోటారుసైకిలు కోపంగా బయల్దేరింది.

ఆమె ఒక్కతే మిగిలింది. తన గది తలుపు వైపు చూసింది. తలుపు దగ్గర ఆమె చెప్పులు జంటగా ఉన్నాయి. మెకానిక్కు దుకాణం వీధి చివరే.

ఇప్పుడు ఎవరు చేశారన్నది వదిలేసింది. వదిలేశాక బుర్ర పనిచేసింది.

ఆపితే లేవడమన్నది ప్రోగ్రాము బుద్ధి కాదు. లేవమని ఎవరో చెప్పి ఉండాలి. ఆ చెప్పే కిటికీ తెర మీద ఎక్కడుందో ఆమెకి తెలుసు. తెరిచింది. అక్కడ ఒక ప్రశ్న ఉంది. ఈ ప్రోగ్రాము పడిపోతే ఏం చెయ్యాలి? దాని పక్కన ఎంచుకున్న జవాబు. మళ్ళీ మొదలుపెట్టు.

చూడగానే చెయ్యి గుర్తుపట్టింది. తనదే.

శనివారం పొద్దున పెద్ద ఉండుండి పడిపోయింది. పడిన ప్రతిసారీ పెద్దవాడు గోడ మీద గుద్దాడు. కూర్చోబెట్టి అన్నం పెడుతున్నది ఇందుకేనా అన్నాడు. ఆమె ఎవరినీ అడగలేదు. అడిగితే తెలీదని తెలిసిపోతుంది. అన్ని కిటికీలూ తెరిచి చూసి, ఇది కనబడితే ఎంచింది. గోడ మీద గుద్దులు ఆగాయి. ఆ మధ్యాహ్నం చిన్నవాడి ఫర్నేసు మరమ్మతుకి పోయింది, వాడివైపు పని లేదు, మార్పు చెయ్యమని ఎవరూ అడగలేదు. ఆదివారం సెలవు. ఆ జవాబు ఎంచాక ఇవాళే మొదటి మార్పు.

ఆమె ఆపేది ఎప్పుడూ ఒకటే రకం. పట్టీలో పేరు మీద నొక్కి, ఉన్నపళంగా పడగొట్టడం. మొదట నేర్పినవాడు అలాగే నేర్పాడు. పడిపోవడానికీ పడగొట్టడానికీ కంప్యూటరుకి తేడా తెలీదు. చెప్పినట్టు లేపుతోంది.

ఆ జవాబు తీసేసింది. ఏమీ చెయ్యొద్దు అని పెట్టింది. పెద్దని ఆపింది. పట్టీ వైపు చూస్తూ కూర్చుంది. పేరు రాలేదు.

చిన్నని లేపబోయి ఒక్క క్షణం ఆగింది. ఇంకా ఏమైనా ఉందేమోనని దాని కిటికీ కూడా తెరిచింది. పోర్టు నంబరు కనబడింది. పెద్ద కిటికీలో చూసిన నంబరే.

ఆమె ఆ నంబరు వైపు చాలాసేపు చూసింది. చోటు ఒక్కటే అయితే ఇద్దరు కూర్చోలేరు. నంబరు ఒక్క అంకె మారిస్తే చోటు వేరవుతుంది. చోటు వేరైతే ఒకదాని కోసం ఇంకోదాన్ని ఆపనక్కర్లేదు. పొద్దున లేదు, మధ్యాహ్నం లేదు. రెండూ నడుస్తాయి. ఎప్పుడూ నడిచి ఉండేవి. ఆ మొదటి మనిషి ఒకేసారి రెండూ నడవవన్నాడు. ఒకే చోట అని చెప్పడానికి బద్ధకించాడు. ఆ బద్ధకం మీద ఇన్నేళ్ళు ఒక గది నిలబడింది.

కిటికీ మూసేసింది. ఎవరో బట్టలు మార్చుకుంటుంటే చూసినదానిలా తొందరగా మూసింది. చిన్నని లేపింది. లేచింది. చిన్నవాడి వైపు మిషన్లు ఒకటొకటిగా చప్పుడు చేశాయి.

"అమ్మగారూ, వచ్చింది!" అని పనివాడు అరిచాడు.

అప్పుడే మోటారుసైకిలు ఆగింది.

మెకానిక్కు నలభై దాటిన లావుపాటి మనిషి. హెల్మెట్టు చేత్తో పట్టుకుని, గోడకీ బల్లలకీ మధ్య సందులో పక్కగా నడిచి వచ్చాడు.

"ఏమైందమ్మా?"

"ఏం కాలేదు. నడుస్తోంది. మీరు వెళ్ళొచ్చు."

"ఇందాకటిదాకా నడవలేదు," అన్నాడు చిన్నవాడు వెనకనుంచి. "ఎందుకు నడవలేదో చూడండి. ఎవరి పనో తేల్చండి. తేలేదాకా వెళ్ళొద్దు."

"కొంచెం లేస్తారామ్మా?"

ఆమె ఆ కుర్చీలోంచి అంతవరకూ ఎవరికోసమూ లేవలేదు. ఇప్పుడు లేచింది. కుర్చీ వీపు మాత్రం వదల్లేదు. మెకానిక్కు కూర్చుంటే కుర్చీ మూలిగింది. ఆమె వాడి నోరు చూసింది. కింది దవడలో ఎడమవైపు రెండు కట్టుడువి. రంగు కలవలేదు. ఇక్కడ చేసినవి కావు.

వాడు కిటికీలు తెరిచాడు, మూశాడు. "ఈ సెట్టింగు ఇప్పుడే ఎవరో మార్చారు," అన్నాడు. "పడిపోతే లేపమని ఉన్నట్టుంది. అందుకే ఆపినా లేచి ఉంటుంది."

"ఎవరు పెట్టారది?" అన్నాడు చిన్నవాడు. కళ్ళు గోడ మీద ఉన్నాయి.

"నేనే," అంది ఆమె. "శనివారం పెట్టాను. ఇప్పుడు తీశాను."

"నువ్వా? ఎందుకు?"

"మీ అన్న నోరు మూయించడానికి."

"నా నోటి జోలికి రాకు అత్తా," అంది గోడ.

"అంటే తప్పు నీదే," అన్నాడు చిన్నవాడు.

"నాదే. ఇందాక మీ అన్న పనన్నావు. ఆ మాట వెనక్కి తీసుకుంటావా?"

చిన్నవాడు తీసుకోలేదు. తప్పు అత్తది కావడం వాడికి లాభమే. కానీ అన్న తప్పు కాకపోవడం మింగుడు పడలేదు.

మెకానిక్కు ఇంకా చూస్తున్నాడు. రెండు కిటికీలు పక్కపక్కన పెట్టుకున్నాడు. ఆమె కుర్చీ వీపు గట్టిగా పట్టుకుంది. వాడు నవ్వాడు.

"ఇదేంటండీ? రెండింటికీ ఒకే నంబరు ఇచ్చారు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, ఈ గోలంతా ఎందుకు? ఒకదానికి నంబరు మార్చి, ఆ వైపు మిషన్లలో కూడా ఆ నంబరు పెడితే సరి. రెండూ రోజంతా నడుస్తాయి. ఎవరూ ఏమీ ఆపక్కర్లేదు, లేపక్కర్లేదు. ఈవిడ ఇక్కడ కూర్చోనూ అక్కర్లేదు."

హాలు రెండు వైపులా చక్రాలు ఆగాయి.

చిన్నవాడు ముందు తేరుకున్నాడు. "విన్నావా అత్తా? ఇన్నాళ్ళూ ఒకేసారి రెండూ నడవవని చెప్పావు. పనేమీ లేకుండానే గదిలో ఉన్నావన్నమాట. మార్చండి. ఇప్పుడే మార్చండి. అత్తా, నీ సామాన్లు ఎన్ని?"

"మంచం నీకు పనికిరాదు," అంది. "నీ మిషను పట్టదు దానిమీద."

గొంతు మామూలుగానే ఉంది. కుర్చీ వీపు ఇంకా వదల్లేదు.

మెకానిక్కు నంబరు మీద నొక్కాడు. అంకె నీలంగా మెరిసింది.

"ఒక్క నిమిషం," అంది గోడ. పెద్దవాడు గోడ తెగినచోటికి వచ్చాడు. ఏళ్ళ తరవాత అక్కడ నిలబడ్డం అదే మొదటిసారి. తమ్ముడివైపు చూడలేదు. మెకానిక్కుని అడిగాడు. "రోజంతా అంటే? పొద్దున కూడా వాళ్ళవైపు నడుస్తుందా?"

"నడుస్తుందండీ."

"పొద్దున వచ్చిన స్కాన్లు వాళ్ళకీ కనబడతాయా?"

"కనబడతాయి. ఇద్దరికీ అన్నీ కనబడతాయి."

పెద్దవాడు ఆలోచించాడు. మొహంలో ఒక్కో కండరం విడిగా కదిలింది. "పొద్దున వచ్చేవి నావి. నేను టీ తాగి వచ్చేలోగా వాళ్ళు నొక్కేస్తారు. అప్పుడు నేనేం చెయ్యాలి, టీ మానెయ్యాలా?"

"ఆయన్ని అడగండి," అన్నాడు చిన్నవాడు మెకానిక్కుతో. "మధ్యాహ్నం అన్నం తిని పడుకునే మనిషి, ఇప్పుడు పడుకోకుండా నావి నొక్కుతాడా అని అడగండి."

"వాళ్ళని అడగండి. రాత్రి ఇక్కడే పక్కేసుకుంటారా అని."

"ఆయన వేస్తే నేనూ వేస్తానని చెప్పండి."

మెకానిక్కు ఒకసారి ఇటు, ఒకసారి అటు చూశాడు. "ఇద్దరూ ఇక్కడే ఉన్నారు కదండీ, నేనేం చెప్పాలి?"

అంకె ఇంకా నీలంగా ఉంది.

"ఏం చెయ్యమంటారు? మార్చనా?"

"వద్దు," అన్నారు ఇద్దరూ.

ఒకేసారి అన్నారు. అలా అన్నందుకు ఇద్దరికీ ఒళ్ళు మండింది. పెద్దవాడు గోడ వెనక్కి పోయాడు. మెకానిక్కు కిటికీలు మూసి లేచాడు. "నాకు తెలిసిన రోగాలకి మందుంది," అన్నాడు హెల్మెట్టు తీసుకుంటూ. "ఇది కంప్యూటరుది కాదు."

వాడు కుర్చీ ఖాళీ చెయ్యగానే ఆమె కూర్చుంది. సీటు వేడిగా ఉంది. అది నచ్చలేదు.

చిన్నవాడు వదల్లేదు. "నంబరు ఉన్నట్టే ఉంటుంది. కానీ మార్పు నువ్వే చెయ్యాలని ఏముంది? పనివాడికి నేర్పిస్తాం. ఆ గది సంగతి తరవాత మాట్లాడదాం."

"తరవాతెందుకు?"

ఆమె మళ్ళీ ఆ కిటికీ తెరిచింది. నంబరు మీద నొక్కింది. అంకె నీలమైంది.

"గది కావాలా? తీసుకో. ఇప్పుడే చెప్పులేసుకుంటాను. వెళ్ళేముందు ఈ అంకె మార్చి, మీ మిషన్లలోనూ పెట్టి, పాస్‌వర్డు కూడా మార్చి పోతాను. రోజంతా నీకూ, రోజంతా వాడికీ. ఇద్దరూ టీ మానేసి, నిద్ర మానేసి, తెరకేసి చూస్తూ కూర్చోండి."

"అత్తా!" అన్నాడు చిన్నవాడు.

"అత్తా!" అంది గోడ.

"మార్చనా?"

"చెయ్యి తియ్యి," అన్నాడు పెద్దవాడు గోడ అవతలినుంచి. "వాడు చిన్నప్పటినుంచీ అంతే. వాడి మాటలు పట్టించుకుంటావేం?"

"నేను మాట వరసకి అన్నాను," అన్నాడు చిన్నవాడు.

"గది మాట వరసకి కూడా అనొద్దు."

ఆమె చెయ్యి తీసింది. నెమ్మదిగా తీసింది. చిన్నవాడు ఆ చేతినే చూస్తూ వెనక్కి నడిచాడు. సందులో భుజం గోడకి తగిలింది. అవతల మళ్ళీ ఏదో కింద పడింది. ఈసారి పెద్దవాడు తిట్టలేదు.

సాయంత్రం చక్రాలు ఆగాక ఆమె కంప్యూటరు ఆపి, గదిలోకి వెళ్ళి, లోపల గొళ్ళెం పెట్టుకుంది. మంచం మీద కూర్చుంది. కిటికీ బయట ఎదుటి మేడ గోడ, దాని మీద ఎవరివో బట్టలు. వాళ్ళిద్దరూ ఏనాడైనా కలిసి టీ తాగితే తను వీధిలో ఉంటుంది. అది ఇవాళ తెలిసింది. వాళ్ళు కలవరని కూడా ఇవాళే తెలిసింది.

మర్నాడు ఒంటిగంటకి గోడ తెగినచోట చిన్నవాడు వచ్చి నిలబడ్డాడు. ఆమె పెద్దని ఈసారి పడగొట్టలేదు. ఆగమని చెప్పింది, అది ఆగింది.

"ఆగిందా?" అంది గోడ.

"ఆగింది."

"లేచిందా?" అన్నాడు చిన్నవాడు.

"లేచింది. పో."

వాడు పోయాడు. ఆమె అన్నం డబ్బా మూత తీసింది.